రెండు దేశాల తోడికోడలు

బస్సు కొండమలుపు తిరుగుతుండగా ఒక నీళ్ళసీసా వచ్చి నా ఒళ్ళో వాలింది. పెట్టింది కిటికీ పక్కన కూర్చున్న ఆవిడ.

"ముందు సీట్లో ఆవిడకి ఇవ్వండి బాబాయిగారూ," అంది.

ఇచ్చాను. ముందు సీటావిడ వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపి అందుకుంది. తాగి, మూత బిగించి, మళ్ళీ నాకే ఇచ్చింది.

"వెనకావిడకి ఇచ్చేయండి. చల్లగా లేవని కూడా చెప్పండి."

"చల్లగా లేవట," అన్నాను.

"ఫ్రిజ్జు నెత్తిన పెట్టుకు రాలేదని చెప్పండి," అంది కిటికీ ఆవిడ.

చెయ్యి చాపితే ఒకరి భుజం ఒకరికి తగిలే దూరం. మధ్యలో నేను తపాలా బంట్రోతుని. ఊళ్ళు పట్టుకు తిరిగేవాడికి ఇలాంటి ఉద్యోగాలు అడక్కుండానే దొరుకుతాయి. పరాయివాళ్ళయితే ఒకరినొకరు చూడకుండా ఉండటానికి ఇంత కష్టపడరు. పైగా ఇద్దరి ముంజేతుల మీదా ఒకే రకం మచ్చలు, వేడి ఇనుము అంటుకుని మానినవి. ఇద్దరి బట్టలకీ ఒకే చేతి ఇస్త్రీ.

"ఎవరమ్మా ఆవిడ?" అన్నాను.

"నా తోడికోడలు."

ఇంక వివరణ అక్కర్లేదు. అన్నదమ్ములు తగువు పడాలంటే పొలంగట్టు కావాలి. తోడికోడళ్ళకు గరిటె చాలు. అయితే వీళ్ళ తగువు గరిటె దగ్గర ఆగలేదని, దేశాల దాకా పోయిందని ఆ మలుపుల్లోనే తెలిసింది. ముగ్గురం ఒక చోటికే వెళుతున్నాం. రాజధానిలో మేం ముగ్గురం పుట్టిన దేశపు రాయబార కార్యాలయం ఉంది. నా పాస్‌పోర్టులో ముద్ర వేయడానికి జాగా మిగల్లేదు, కొత్తది కావాలి. కిటికీ పక్కనున్న పెద్దావిడకు పాత దేశం తిరిగి కావాలి. ముందు సీట్లోని చిన్నావిడ సాక్ష్యం చెప్పడానికి వస్తోంది.

ఇద్దరూ పెద్ద హోటల్లో బట్టల గదిలో పనిచేస్తారు. గదుల్లోంచి దిగివచ్చే దుప్పట్లు ఉతుకు అయ్యాక ఆవిరి రోలరు మీద సాగి, ఇవతలికి వెచ్చగా జారతాయి. వాటిని మడవడం ఒక్కరి వల్ల కాదు. అటు రెండు కొసలు ఒకరు, ఇటు రెండు కొసలు ఒకరు పట్టుకుని బిగించి లాగి, ఎదురెదురుగా నడిచివచ్చి కొసలు కలపాలి. తర్వాత వెనక్కి. మళ్ళీ ముందుకి. ఇష్టమున్నా లేకపోయినా రోజంతా ఒకరి ముఖం ఒకరు చూస్తూ ఒకరి దగ్గరికొకరు నడవాలి. పెళ్ళయిన జంటలకే ఇంత క్రమశిక్షణ ఉండదు.

"ఇన్నేళ్ళుగా దాని ముఖమే," అంది పెద్దావిడ. "దుప్పటికి అటు చివర అది, ఇటు చివర నేను. వేరే జోడీ వెయ్యమని సూపర్‌వైజర్ని అడిగాను. మీ ఇద్దరికీ కుదిరినంత చక్కగా ఎవరికీ మడత కుదరదమ్మా అన్నాడు."

ఇక్కడ కాస్త చట్టం చెప్పాలి. దేశాల చట్టాలు చదవడం నాకొక చెడ్డ అలవాటు. కొందరు పంచాంగం చదివినట్టు చదువుతాను. ఒక్క పౌరసత్వమే ఉండాలనే చట్టాలు ఏ భాషలో చదివినా వాటిలో అనుమానపు మొగుడి గొంతు వినిపిస్తుంది: ఉంటే నాతో ఉండు, లేకపోతే పో. మా దేశమూ మొదట అంతే. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంది. ఇంకో దేశంలో పౌరుడిగా ప్రమాణం చేస్తే మాది తిరిగి ఇచ్చెయ్యాలంది. తర్వాత బయట బతికేవాళ్ళు లెక్కకు మించిపోయారు, మొగుడు మెత్తబడ్డాడు. ఇకనుంచి రెండూ ఉంచుకోండి, ఉన్నచోటి నుంచే ఓటు కూడా వెయ్యండి అన్నాడు. అయితే ఆ వరం 'ఇకనుంచి' వాళ్ళకే. అప్పటికే ఇచ్చేసినవాళ్ళు ఇచ్చేసినట్టే.

పెద్దావిడ అప్పటికే ఇచ్చేసింది.

"ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి," అంది ముందు సీటు వైపు గడ్డం విసిరి. "అవే ఆ కొమ్ములు."

"వినపడుతోంది," అంది ముందు సీటు.

"వినపడాలనే."

ఓట్ల రోజున చిన్నావిడ రాజధానికి వచ్చి ఓటు వేసి వెళ్ళిందట. మర్నాడు దుప్పటి కొస పట్టుకోవడానికి రోజూ వాడే రెండు వేళ్ళు వదిలేసి, సిరా చుక్క పెట్టిన వేలినే పైకి పెట్టి పట్టుకుందట. తెల్లటి దుప్పటి మీద నల్లటి చుక్క తన వైపు నడిచిరావడం, వెనక్కి పోవడం, మళ్ళీ రావడం.

"సిరా ఆరిందో లేదో చూసుకోవే, దుప్పటికి అంటితే నన్నంటారు అన్నాను. ఇది చెరిగే సిరా కాదక్కా అంది. ఎంత ముద్దుగా అందో."

అంతకంటే గట్టి దెబ్బ విమానాశ్రయంలో తగిలింది. ఒకసారి ఇద్దరూ కలిసి స్వదేశం వెళ్ళారు. చిన్నావిడ 'పౌరులు' అన్న వరసలో నిలబడి, ఎంగిలి మింగేలోగా బయటపడింది. పెద్దావిడ 'విదేశీయులు' వరసలో, లావుపాటి యాత్రికుల వెనక. ఆవిడ వంతు వచ్చేసరికి మీసాలు రాని కుర్రాఫీసరు ఆవిడ మాతృభాషలోనే అడిగాడు: మా దేశానికి ఏం పని మీద వచ్చారు? ఎన్నాళ్ళుంటారు?

"ఏమన్నావు?"

"ఏమంటాను. చూడ్డానికి అన్నాను. పర్యాటకురాలు అని ముద్ర కొట్టాడు. అద్దం అవతల ఇది, సామాను బండి మీద కూర్చుని, కాళ్ళూపుకుంటూ నన్నే చూస్తోంది."

అసూయలో ఒక గుణం ఉంది, దూరంగా ఉన్నవాళ్ళ మీద అది నిలవదు. రాజుల మీద నాకెప్పుడూ అసూయ పుట్టలేదు. నాతో సమానంగా నడిచి రెండు అడుగులు ముందు వేసినవాళ్ళ మీదే పుట్టింది. ఒక ఊళ్ళో సత్రం పంచుకున్న పుస్తకాల వర్తకుడికి మూడు దేశాల పౌరసత్వం ఉండేది. మూడూ దిండు కింద పెట్టుకుని పడుకునేవాడు. వాడి గురక కూడా నాకు గర్వంగా వినపడేది.

మొన్నీమధ్య మా దేశం ఇంకో సవరణ తెచ్చింది. అప్పటి చట్టం అడిగిందని ఇచ్చేసినవాళ్ళు ఒక ప్రమాణం చేసి తిరిగి తీసుకోవచ్చు. ఇంటి మనిషి ఒకరు, పౌరులై ఉన్నవాళ్ళు, పక్కన నిలబడి అది నిజమని చెప్పాలి. మొగుడి సాక్ష్యం పెళ్ళానికి చెల్లదు. అయినా ఈవిడ మొగుడూ తనతోపాటే వదులుకున్నాడు. "సంతకం ఎక్కడో చూపిస్తే పెడతారు, ఎందుకని అడగరు. మంచి మనిషి," అంది. మరిది ఓడలో వంటవాడు, ఏ సముద్రంలో ఉన్నాడో అతని పెళ్ళానికే తెలియదు. ఇక మిగిలింది ఆ పెళ్ళామే.

"అడగాల్సొచ్చింది. గడువు ఈ నెలతో సరి. దుప్పటి మడుస్తూ అడిగాను, దాని వైపు నడిచి వెళ్ళేటప్పుడు. వినపడలేదక్కా, రోలరు చప్పుడు అంది. మళ్ళీ నడిచినప్పుడు మళ్ళీ అడిగాను. అప్పుడు సరే అంది."

"మంచిదేగా."

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. గొంతు తగ్గించి, ముందు సీటుకు అందకుండా చెప్పింది. "మీతో చెబితే ఏం పోయింది. చట్టం అడిగినందుకు ఇవ్వలేదండీ నేను."

జరిగింది ఇది. ఇద్దరూ ఒకే కాలంలో కొత్త దేశానికి అర్జీ పెట్టుకున్నారు. ప్రమాణం అయ్యాక పాతది తిరిగి ఇవ్వడానికి బోలెడు వ్యవధి ఉంది. ఎవరూ తొందరపడక్కర్లేదు. కానీ బట్టల గదిలో ఒక పుకారు పుట్టింది. పాతది ముందే వదిలేసి రసీదు చూపించినవాళ్ళని ప్రమాణానికి ముందు పిలుస్తారని. చిన్నదాని కంటే ముందు పిలిపించుకోవాలి, ఇంట్లో మొదటి పౌరురాలు తానే కావాలి. అంతే, సెలవు పెట్టి వెళ్ళి ఇచ్చేసి వచ్చింది. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చూశాం, ఈవిడ ఒడ్డునే తగలేసింది. పుకారు నిజమో కాదో, పిలుపు మాత్రం ముందే వచ్చింది. చిన్నావిడ అర్జీ నత్తనడక నడిచింది. అది పాకుతుండగానే చట్టం మారింది.

ఇష్టపడి ముందే వదిలేసినవాళ్ళకు సవరణ వర్తించదు. వాళ్ళు తిరిగి వెళ్ళి ఏళ్ళ తరబడి అక్కడ కాపురం ఉంటే తప్ప పౌరులు కాలేరు. ఉద్యోగం వదులుకుని ఈవిడ ఎక్కడికి వెళుతుంది?

"ఎందుకిచ్చావని అడుగుతారు," అంది. "పాత రికార్డుల్లో తేదీలు లేవట, నోటిమాటే ఆధారం."

"చట్టం అడిగిందని చెప్పెయ్యమ్మా. కొద్ది నెలలాగితే అడిగేదేగా. అదేం పెద్ద అబద్ధం?"

"అదే చెబుతా," అంది. "మీకేమనిపించింది, హరిశ్చంద్రుడి వంశమనుకున్నారా?"

టీ కోసం బస్సు ఆగినప్పుడు చిన్నావిడ నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. పెద్దావిడ బస్సు దిగలేదు.

"దారంతా నా మీద చెప్పుంటుంది. నా సంగతి కూడా వినండి," అంది, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని. "అక్క ప్రమాణానికి పెద్ద హాలు, పూలు, బాజా. నగరాధ్యక్షుడు చెయ్యి కలిపాడు. మా అత్తగారు పక్కనే నిలబడి ఫోటో. ఇంత పెద్దది, ముందుగదిలో తగిలించింది. నా వంతు వచ్చేసరికి వేడుకలు తీసేశారు. నాది పోస్టులో వచ్చింది బాబాయిగారూ, నీళ్ళబిల్లు మధ్యలో. అత్తగారు పోయేదాకా పెద్దకోడలు, పెద్దకోడలు. నాకు రెండు దేశాలుంటే ఏం లాభం? ఒక్క ఫోటో లేదు."

"ఆ ఫోటో మీద ఇంత కుళ్ళు ఉందని ఆవిడకి తెలుసా?"

"చెబుతానా? చస్తే చెప్పను. ఆవిడకి నా మీద కుళ్ళేముంటుందండీ, అన్నీ ముందే దొరికిన మనిషికి," అంది. తర్వాత పెద్దావిడకి ఇష్టమని చక్కెర లేని టీ ఒకటి పోయించుకుని బస్సు ఎక్కింది. దాన్ని నా చేతిలో పెట్టి, "ఇవ్వండి," అంది.

కార్యాలయంలో పొడుగాటి గది, నీళ్ళు కారి పెచ్చులూడిన గోడ, ఒక కౌంటరు. నా వంతు వాళ్ళ వెనకే. గుమాస్తా విసుగు లేని మనిషి. అలాంటివాళ్ళు ఈ గదుల్లో అరుదు. కాగితాలు సర్దుకుని, పెద్దావిడ వైపు చూసి తాపీగా అడిగాడు.

"అప్పటి చట్టం అడిగినందుకు వదులుకున్నారా, మీ ఇష్టంతో ముందే వదులుకున్నారా?"

పెద్దావిడ నోరు తెరిచింది. మాట బయటికి వచ్చేలోపు చిన్నావిడ కౌంటరు మీదికి వంగింది.

"చట్టం కోసమేనండీ. మా అక్కకి ఈ చట్టాలూ అవీ ఏం తెలుసు, పాపం. అందరూ ఇచ్చెయ్యాలంటే నమ్మి ఇచ్చేసింది. తెలిసుంటే నాలాగే ఉంచుకునేది. ఎంత ఏడ్చిందో, పాపం. మీరే కాస్త చూడండి."

గుమాస్తా తల ఊపి కలం తీశాడు. చిన్నావిడ పెద్దావిడ భుజం మీద చెయ్యి వేసింది. అంత మెత్తగా వెయ్యకపోయినా బాగుండేది. నేను పక్క నుంచి చూస్తున్నాను. పెద్దావిడ దవడ బిగిసింది. ఆవిడ చేయవలసిందల్లా అవునండీ అనడం. ఒక్క మాటతో ఓటు, వరస, పుట్టిన దేశం అన్నీ వచ్చేస్తాయి.

"పాపం అనకు," అంది పెద్దావిడ.

"ఏంటక్కా?"

"పాపం అనకు నన్ను." గుమాస్తా వైపు తిరిగింది. "రాయకండి. నాకు చట్టం తెలుసు. గడువుందనీ తెలుసు. ఎవరూ అడగలేదు. దీనికంటే ముందు నన్ను పిలవాలని నేనే వచ్చి ఇచ్చేసి పోయాను, ఈ కౌంటర్లోనే."

గుమాస్తా కలం గాల్లో ఆగింది. "అమ్మా, ఇది రాస్తే ఇష్టపూర్వకం కింద పోతుంది. ఇంకోసారి ఆలోచించి చెప్పండి. నేను వినలేదనుకుంటాను."

"విన్నారుగా. రాసుకోండి."

ఆయన కాగితం తన వైపు లాక్కున్నాడు. తర్వాత రాశాడు.

చిన్నావిడ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, భుజం దాని కింద నుంచి తప్పుకుంది. "నా కంటే ముందా?" అంది మెల్లగా. "నా మీద పంతంతో ఇచ్చేశావా? నా మీదా?"

నేను ఎన్నో ఊళ్ళలో ఎన్నో ముఖాలు చూశాను గాని, అలాంటి మార్పు ఎప్పుడో గాని చూడలేదు. ముందు తెల్లబోయింది. ఆ వెనకే, ఆమె దాచుకోవాలని చూసినా ఆగకుండా, చెంపల్లోకి వెలుగు పాకింది. పోస్టులో వచ్చిన కాగితం, గోడ మీద ఫోటో, పెద్దకోడలు పెద్దకోడలు అన్న పిలుపు, అన్నిటికీ ఒక్కసారే బదులు దొరికినట్టు. తన మీద అసూయతో ఒక మనిషి దేశాన్నే వదిలేసింది. అంత పెద్ద బహుమతి ఆమెకు ఎవరిచ్చారు?

పెద్దావిడ ఆ వెలుగు చూసింది. సంచి జిప్పు లాగి భుజాన వేసుకుంది. పలకరించబోతే నన్ను దాటుకుని, తలుపు నెట్టుకుని, మెట్లు దిగింది.

"అక్కా, బస్సు అటు కాదు," అంది చిన్నావిడ గుమ్మంలోంచి.

వీధి చివర జనం రోడ్డు దాటుతున్నారు. ఆవిడ కూడా దాటింది.