వాడి గొంతు లేని సంగీతం

మా ఇద్దరి బ్యాండుకు పాటలు లేవు. చిట్టమూరు వైపు రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికే ఏరియేటర్ల మోత, బిట్రగుంటలో రైలు పెట్టెలు తగిలించేటప్పటి ఇనుప చప్పుడు, ఇలాంటివి నా స్నేహితుడు రికార్డు చేసుకొచ్చేవాడు. నేను కోవూరులో మా మేడమీది గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని వాటిని సాగదీసి, ఒకదాని మీద ఒకటి పేర్చేవాణ్ణి. దీన్ని అండర్‌గ్రౌండ్ సంగీతం అంటారని చెబితే మా నాన్న నవ్వాడు.

“మన సైడు నాలుగడుగులు తవ్వితే నీళ్లు పడతాయి గదరా, మీరింక యాడ దాక్కుంటారు?”

కావలిలో మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీలో ఒకసారి కచేరీ పెట్టాం. వచ్చిన కొద్దిమందీ మెల్లగా జారుకున్నారు. ఒకాయన మాత్రం చివరిదాకా కూర్చున్నాడని మురిసిపోయాం. తీరా చూస్తే ఆయన జనరేటర్ తాలూకు మనిషి.

నా స్నేహితుడికో పంతం ఉండేది. ఏ రికార్డింగులోనూ మనిషి గొంతు పడకూడదు. “గొంతు వచ్చిందంటే అందరూ దాన్నే ఇంటార్రా, మోటారు ఎవుడికీ ఇనపడదు” అనేవాడు. మైకు పెట్టాక దగ్గు కూడా ఆపుకునేవాడు. పొరపాటున మాట పడితే ఆ ఫైలు అక్కడికక్కడే చెరిపేసేవాడు. ఆ పంతం నాకూ గొప్పగానే కనిపించేది.

పోయినేడు హైవే మీద లారీ గుద్ది వాడు పోయాడు. ఫోను నుజ్జయిపోయింది. చర్చిలో ఆదరణ కూడిక అయ్యాక వాళ్లమ్మ నా పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుంది.

“అబ్బయా, మీరిద్దరూ అన్ని రికార్డింగులు చేసినారు గదా. వాడు మాట్లాడింది ఒక్కటుంటే ఇయ్యి. వాడి గొంతు మరిచిపోతానేమోనని బయంగా ఉండాది.”

వెతుకుతానన్నాను. వాడు నాకు మెసేజులు కూడా టైపు చేసి పంపేవాడే గాని వాయిస్ పెట్టేవాడు కాదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాడి హార్డ్ డిస్కంతా విన్నాను. గాలి, మోటార్లు, ఇనుము, అలలు. అన్నింట్లోనూ వాడు మైకు పక్కనే నిలబడి ఉన్నాడు, ఒక్కదాంట్లోనూ నోరు తెరవలేదు. నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఒక్కసారి ఒరే అని పిలిచి ఉంటే వాడి సొమ్మేం పోయేది?

ఒక ఆదివారం ఆవిడ దగ్గరికి వెళ్లి, లేదని చెప్పాను.

“ఏదో ఒకటి పెట్టు, ఇంటాను” అంది.

గుంట గట్టు మీద వాడు తీసిన ఏరియేటర్ల రికార్డింగు పెట్టాను. ఇయర్‌ఫోన్ ఒకటి ఆవిడ చెవిలో, ఒకటి నా చెవిలో. చాలాసేపు ఒకటే మోత. పాపం, ఈవిడకు ఎందుకీ శిక్ష, ఆపేద్దామనుకుంటుండగా చటుక్కున నా చెయ్యి పట్టుకుంది.

“వాడే.”

నాకేమీ వినపడలేదు. వెనక్కి జరిపి మళ్లీ పెట్టాను. మోత మధ్యలో టప్‌మని ఒక దెబ్బ. మైకు కదిలిందనుకుని నేనెప్పుడూ తీసిపారేసే చప్పుడు అది.

“దోమ కుట్టింది వాడికి” అంది ఆవిడ. “పిక్క మీద కొట్టుకున్నాడు. చిన్నప్పట్నించీ అంతే, కాలు కందిపోయేటట్టు కొట్టుకుంటాడు.”

మళ్లీ పెట్టమంది. పెట్టాను. ఈసారి దెబ్బ పడగానే, కొడుకు పక్కనే ఉన్నట్టు, “మెల్లిగా నాయనా” అంది.

వాడు పోయాక నేను ఏడ్చింది అప్పుడే.