వెనక బోయీ జవాబు

చింగ్‌చెంగ్ కొండ మీద డోలీ మోసినవాళ్ళలో రెన్ చాంగ్‌మింగ్‌కి ఉన్నంత నోరు ఇంకెవరికీ లేదు. భుజాలు మాత్రం అంతంతమాత్రం. అందుకే అతన్ని ఎప్పుడూ వెనక పెట్టేవారు.

డోలీకి ముందు నడిచేవాడికి దారి కనిపిస్తుంది. వెనకవాడికి కనిపించేదల్లా కూర్చున్న ఆసామి మెడా, ఆ మెడ మీద చెమటా, కింద ముందువాడి పిరుదులూ. అందుకని ముందువాడు దారిలో ఏముందో పదం కట్టి చెబుతాడు, వెనకవాడు ప్రాస కలిపి జవాబిస్తాడు. నీటిగుంట వస్తే ముందు నుంచి “నేల మీద నింగి ముక్క” అని వినిపిస్తుంది. “దాటిపోవోయ్ పక్క పక్క” అని వెనక నుంచి రావాలి. కుక్క అడ్డంగా పడుకుంటే “కాళ్ళకడ్డం కాపలాదారు” అంటాడు ముందువాడు. “లేచి దారి ఇవ్వండి సారు” అంటాడు వెనకవాడు. జవాబు వచ్చాకే ముందువాడు అడుగు వేస్తాడు. జవాబివ్వని వెనక బోయీతో ఆ కొండ మీద మరొకడు భుజం కలపడు. వాడు బుట్టలల్లుకుని బతకాల్సిందే.

రెన్‌కి ముందు నడిచినవాడు తాంగ్ యువాన్‌గుయ్. వయసులో కొంచెం పెద్ద, మాటల్లో పొదుపు, నడకలో ఎద్దు. ఆ ఇద్దరి డోలీ ఎక్కడానికి జనం వరసలో నిలబడేవారు. సగం మంది కొండ కోసం కాదు, రెన్ జవాబుల కోసం ఎక్కేవారు. ఒకసారి ఒక లావుపాటి సారా వ్యాపారి నవ్వీ నవ్వీ కిందికి దిగేసరికి సన్నబడ్డాడని రెన్ ఇప్పటికీ చెబుతాడు. ఆయన బెల్టు ఇంకా తన దగ్గరే ఉందంటాడు. చూపించమంటే మాత్రం భార్య దాచిందంటాడు.

ఇదంతా పాత సంగతి. ఇప్పుడు రెన్ తల పూర్తిగా నెరిసింది. చేతిలో చిన్న పసుపు జెండా, మెడలో మైకు. చెంగ్దూ నుంచి పొద్దున్నే వ్యానులో వచ్చే యాత్రికులకి మధ్యాహ్నం దాకా దూజియాంగ్‌యెన్ ఆనకట్ట చూపించి, ఆ తరవాత చింగ్‌చెంగ్ కొండకీ, దావో మతస్థుల మఠాలకీ తీసుకెళతాడు. చూపించేది సగం, కోతలు కోసేది సగం. అందరికీ నచ్చే కోత ఒకటుంది. మఠం కింద మలుపు దగ్గర చెబుతాడు దాన్ని. చెట్ల మీద రొదపెట్టే పురుగులు, ఇలకోళ్ళ కథ.

ఆ రోజు ఆనకట్ట దగ్గర పొలాల కాలవకి నీళ్ళు వదిలే పండగ. రెన్ వ్యానెక్కి జెండా ఊపి, మనుషుల్ని చూసుకుంటూ వెనక సీటు దాకా వచ్చి ఆగిపోయాడు. కిటికీ పక్కన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, మోకాళ్ళ మధ్య వెదురుకర్ర నిలబెట్టుకుని తాంగ్ కూర్చుని ఉన్నాడు. పక్కన అతని కూతురు షావ్‌చిన్.

“బాబాయ్, గుర్తుపట్టారా? నాన్నకి చూపు దాదాపు పోయింది. ఎక్కడికీ కదలనివాడు, ఈ ట్రిప్పుకి తీసుకెళ్ళమని నెల రోజులుగా నా ప్రాణం తీస్తున్నాడు” అంది షావ్‌చిన్.

“మా పక్కింటావిడ మీ ట్రిప్పుకి వచ్చింది” అన్నాడు తాంగ్, గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పి. “నా మోకాలి మీద కథ చెబుతున్నావట. బాగుంటుందట. వినిపోదామని వచ్చాను తమ్ముడూ.”

“కథలదేముంది అన్నా, నోటికొచ్చినవి” అన్నాడు రెన్. జెండా కర్రని వేళ్ళ మధ్య ఊరికే తిప్పుతూ ముందు సీటుకి వెళ్ళిపోయాడు.

ఇన్నేళ్ళలో తాంగ్ దగ్గరికి ఒక్కసారి కూడా వెళ్ళనివాడు రెన్. తాంగ్ మెట్ల మీద పడి మోకాలి చిప్ప పగిలాక దిగువన కాలవ పక్క ఊరికి మకాం మార్చాడు. వ్యానులో వెళితే టీ చల్లారేలోపు చేరే దూరం. కొత్త సంవత్సరానికి వెళదామనుకునేవాడు. ఉప్పులో ఊరబెట్టి పొగపెట్టిన పంది మాంసం కూడా రెండు మూడుసార్లు కట్టించాడు. మూట కట్టాక వానొచ్చేది, లేకపోతే ఎవరో మాజాంగ్ ఆటకి పిలిచేవారు.

ఆనకట్ట దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. నదికి అడ్డంగా మూడేసి దుంగలు కలిపి కట్టిన ముక్కాళ్ళు, వాటిని కదలనివ్వకుండా రాళ్ళు నింపిన వెదురుబుట్టలు. రెన్ మైకు పట్టుకుని ఎప్పటి పాఠమే మొదలుపెట్టాడు. ఈ ఆనకట్ట కట్టి రెండు వేల ఏళ్ళ పైమాట, ఆ కాలంలో మందుగుండు లేదు. కొండ మీద కట్టెలు పేర్చి కాల్చారు, ఎర్రబడిన రాతి మీద చన్నీళ్ళు పోశారు, అలా ఏళ్ళ తరబడి కొండని చీల్చి నీటికి దారి చేశారు. అంతవరకూ నిజం.

“ఆ సెగే మట్టిలో దిగింది. అందుకే మా మిరపకాయకి అంత కారం” అన్నాడు.

“అప్పటికి మిరపకాయ ఈ దేశానికి రాలేదు కదా తమ్ముడూ” అన్నాడు తాంగ్ వెనక నుంచి.

“రాలేదు కాబట్టే అన్నా, సెగ రాతిలో దాక్కుని ఎదురుచూసింది.”

అందరూ నవ్వారు. తాంగ్ కూడా నవ్వాడు. రెన్‌కి ఒక్క క్షణం హాయిగా అనిపించింది. ముందు నుంచి మాట, వెనక నుంచి జవాబు. కాకపోతే ఇప్పుడు తాను ముందున్నాడు.

తాళ్ళు నరికారు. ముక్కాళ్ళు ఒకదాని మీదొకటి ఒరిగాయి. నీళ్ళు గొంతెత్తి కాలవలోకి దూకాయి. గట్టు మీది జనం నీటి తలతో పాటు పరుగెడుతూ గులకరాళ్ళు విసిరారు. తలకి దెబ్బ తగిలితే నీరు ఏడాదంతా బుద్ధిగా పారుతుందని అక్కడివాళ్ళ నమ్మకం. రెన్ ఒక నున్నటి రాయి ఏరి తాంగ్ చేతిలో పెట్టాడు. తాంగ్ చప్పుడు ఎటు వస్తోందో విని విసిరాడు.

“తగిలిందా?”

“నీటికి తగల్లేదు. టోపీకి తగిలింది” అన్నాడు రెన్.

“ఎవరిది? నాదా, పరాయివాళ్ళదా?”

“మునిసిపాలిటీ వాళ్ళది.”

“అయితే పన్ను తగ్గుతుందిలే” అన్నాడు తాంగ్.

షావ్‌చిన్ పొట్ట పట్టుకుని నవ్వింది. “మీరిద్దరూ ఇలా ఉండేవారా బాబాయ్? ఇంట్లో ఈయన నోరు తెరిచేది అన్నానికి, ఆవలింతకి.”

మధ్యాహ్నం గింకో చెట్టు గింజలు వేసి వండిన కోడిపులుసు వడ్డించినప్పుడు రెన్, తాంగ్ గిన్నెలో మెత్తటి ముక్కలు చూసి చూసి వేశాడు. తాను మాత్రం తినలేకపోయాడు. మలుపు దగ్గరపడుతోంది.

ఆ మలుపులో అసలు జరిగింది ఇది. తాంగ్ పడిన రోజు పొద్దున టీ దుకాణంలో బోయీలందరూ కూర్చుని ఉండగా తాంగ్, ఎప్పుడూ హాస్యమాడనివాడు, ఎందుకో ఒక హాస్యమాడాడు. “మా రెన్‌కి ప్రపంచంలో తెలియని విషయం లేదు. అంతా నా పిరుదుల మీద చదువుకున్నాడు” అన్నాడు. దుకాణం దద్దరిల్లింది. టీ పోసే ముసలామె కూడా కెటిల్ కింద పెట్టి నవ్వింది. అందరికీ జవాబు చెప్పే రెన్ నోట్లో ఆ పూట ఒక్క ముక్క పుట్టలేదు. అదే అతన్ని కాల్చింది. ఆ ఉక్రోషంతోనే ఖాళీ డోలీ ఎత్తాడు.

మఠం కింద మలుపులో మెట్ల మీద నాచు పట్టింది. “మెట్టు మీద పచ్చ పరుపు” అన్నాడు తాంగ్. “మనకు వద్దు మైమరపు” అనాలి రెన్. అనలేదు. తాంగ్ అడుగు ఆపి మళ్ళీ అన్నాడు. రెన్‌కి శుభ్రంగా వినిపించింది. పెదవులు బిగించాడు. వాడి పిరుదులనే అడగనీ అనుకున్నాడు. ముందు బోయీ వెనక్కి తిరగకూడదు. కానీ వెనకవాడికేదో అయిందేమోనని తాంగ్ తల తిప్పాడు. కాలు జారింది.

కింద బోయీలందరూ చుట్టూ చేరినప్పుడు రెన్ నోటికి తోచింది ఒక్కటే. “నేను జవాబిచ్చాను. ఇలకోళ్ళ రొదలో వినిపించలేదు.” అందరూ తాంగ్ వైపు చూశారు. తాంగ్ పళ్ళు బిగబట్టి, “అవును, చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి” అన్నాడు. అంతటితో అది ముగిసింది. మర్నాడే రెన్‌కి వేరే జత దొరికింది.

భోజనాలయ్యాక యాత్రికులు రోప్‌వేలో పైకి వెళ్ళారు. బెరడు తీయని దుంగలతో కట్టిన మంటపంలో జుట్టు ముడేసుకున్న దావో సన్యాసి ఒకాయన టీ పోశాడు. ఎదుటి కొండ నిలువునా చీలి ఉంది. ఆ మఠాల ఆదిగురువు దయ్యాల మీద కోపమొచ్చి కుంచె విసిరితే అలా చీలిందంటారు. “పొద్దున చూసిన కొండకి ఏళ్ళు పట్టింది, ఈయన ఒక్క కుంచెతో పని కానిచ్చాడు. అది సర్కారు పని, ఇది సొంత పని” అన్నాడు రెన్. జనం నవ్వారు. అతని చూపు మాత్రం తాంగ్ కర్ర మీదే ఉంది.

“నాన్నా, దిగేటప్పుడు డోలీ పిలుస్తాను” అంది షావ్‌చిన్.

“నేను మోసినవాణ్ణి. ఎక్కి కూర్చుంటే నా భుజాలు నన్ను తిడతాయి. నడుస్తాను” అన్నాడు తాంగ్.

నడిచారు. మలుపు వచ్చింది. రెన్ జెండా దించి ముందుకి సాగబోయాడు. ఎర్ర టోపీ పెట్టుకున్న ఒకమ్మాయి ఆపేసింది. “ఇలకోళ్ళ కథ ఇక్కడే కదా తాతగారూ? మా చెల్లి చెప్పింది, అది వినకుండా రావద్దంది.”

“మెట్లు తడిగా ఉన్నాయమ్మా, కింద చెబుతాను.”

“ఇక్కడే చెప్పు తమ్ముడూ. ఇంత దూరం వచ్చింది దానికేగా” అన్నాడు తాంగ్.

మలుపంతా నిశ్శబ్దంగా ఉంది. ఎక్కడో నీటి బొట్టు రాతి మీద పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. రెన్ నోరు తెరిచాడు. అసలు మాట నాలిక చివర దాకా వచ్చింది. కానీ ఏళ్ళ తరబడి ఒకే దారిన నడిచిన నాలిక, తన దారినే పోయింది.

“ఆ ఏడు ఇలకోళ్ళు పిచ్చుకలంత ఉండేవి. సన్యాసులు చెవుల్లో దూది పెట్టుకుని ధ్యానం చేసేవారు. మఠం గంట కొడితే కొట్టినవాడికే వినిపించేది కాదు. భార్యాభర్తలు కొట్లాడుకోలేక కొండ మీద సంసారాలన్నీ చక్కబడ్డాయి...”

జనం పడీ పడీ నవ్వారు. తాంగ్ కర్ర మీద గడ్డం ఆనించి మొత్తం విన్నాడు.

“బాగుంది. ఇంతకీ ఇది ఏ కాలంలో జరిగింది?” అన్నాడు.

“ఎండాకాలం అన్నా.”

తాంగ్ కర్రతో మెట్టుని తడిమాడు. “అవును, ఎండాకాలమే” అన్నాడు.

గుంపు ఫోటోలు తీసుకుంటూ కిందికి కదిలింది. షావ్‌చిన్ తండ్రి కోటు గుండీ పెడుతూ మామూలుగా అంది: “అదేంటి నాన్నా, నువ్వు పడింది నీళ్ళు వదిలిన రోజు కదా. తను గట్టు మీద రాయి విసరబోతుంటే కబురొచ్చిందని అమ్మ ఎప్పుడూ చెప్పేది.”

రెన్ దిగబోతున్న మెట్టు మీదే ఆగిపోయాడు. నీళ్ళు వదిలేది వసంతంలో. అప్పటికి ఇలకోళ్ళు ఇంకా మట్టిలోనే ఉంటాయి. ఎండలు ముదిరితే తప్ప ఒక్కటి కూడా చెట్టెక్కదు. ఇది ఇక్కడ పుట్టిన పసివాడికి కూడా తెలుసు. ఆ రోజు చుట్టూ నిలబడ్డ బోయీలకి తెలుసు. టీ పోసే ముసలామెకి తెలుసు. నేల మీద పడి, ఎముక బయటికి కనిపిస్తున్న తాంగ్‌కి తెలుసు. తెలియనిది తనకొక్కడికే. కథని ఎన్నిసార్లు చెప్పాడంటే, చెప్పీ చెప్పీ ఆ రోజుని తనే ఎండాకాలంలోకి జరిపేసుకున్నాడు. కొండకంతా పేరుమోసిన అబద్ధాలకోరు, జీవితంలో అసలైన అబద్ధం ఒక్కటి ఆడితే దాన్ని ఎవ్వరూ నమ్మలేదు. తాంగ్ అవునన్నాడు కాబట్టి ఊరుకున్నారు. తనకి బుట్టలల్లుకుని బతికే గతి పట్టకూడదనే తాంగ్ అవునన్నాడనీ, కట్టించి పంపని ఆ మాంసం మూటలన్నీ ఆ బాకీ కిందివేననీ ఇప్పుడు తెలిసింది.

“అన్నా” అన్నాడు రెన్.

“పొద్దు వాలుతోంది. దారి చూపించు” అన్నాడు తాంగ్. వెదురుకర్ర ముందు కొసని గాలిలోకి చాపాడు.

రెన్ ఆ కొస పట్టుకుని ముందు నిలబడ్డాడు. వెనక కొస తాంగ్ చేతిలో ఉంది. షావ్‌చిన్ పక్కకి తప్పుకుంది. కింది మెట్టంతా నున్నగా, పచ్చగా మెరుస్తోంది.

“మెట్టు మీద పచ్చ పరుపు” అన్నాడు రెన్.

వెనక నుంచి జవాబు లేదు. రెన్ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపాడు. ముందు బోయీ వెనక్కి తిరగకూడదు. ఆ నిశ్శబ్దం ఎంత బరువుంటుందో, మోసేవాడికి మెడ ఎలా లాగుతుందో అతనికి మొదటిసారి తెలిసింది. తిరగాలనిపించింది. తిరగలేదు. మళ్ళీ అన్నాడు.

“మనకు వద్దు మైమరపు” అన్నాడు తాంగ్, మెల్లగా, ప్రతి అక్షరం విడివిడిగా. “ఇదేగా తమ్ముడూ? మరిచిపోయాననుకున్నావా?”

రెన్ అడుగు వేశాడు. అది ఆ రోజు తను చెప్పవలసిన జవాబు. దారిలో నీటిగుంట వచ్చింది, చెట్టు వేరు వచ్చింది, కుక్క వచ్చింది. ఒక్కొక్కదానికీ ముందు నుంచి అతను చెబుతూ పోయాడు. వెనక నుంచి ఒక్క జవాబు కూడా తప్పిపోకుండా వస్తూనే ఉంది.

వ్యాను దగ్గర తాంగ్ కర్ర కూతురికిచ్చి, సీట్లో కూర్చోగానే నిద్రపోయాడు. తన ఊరు వచ్చేదాకా లేవలేదు. దింపేటప్పుడు షావ్‌చిన్, “మళ్ళీ ఎప్పుడైనా ఇంటికి రండి బాబాయ్” అంది. వస్తానన్నాడు రెన్.

మర్నాడు కొత్త గుంపు వచ్చింది. మలుపు దగ్గర ఎవరో కథ అడిగారు. రెన్ జెండా ఎత్తి, “ఇక్కడ జారుతుంది, చూసి నడవండి” అని ముందుకి సాగిపోయాడు.