ముక్కు రాని హంస

గద్వాల కోటగోడ మీదికి ఎండ ఎక్కకముందే మగ్గానికి మొక్కనివాడు నేతగాడు కాడని నాగప్ప తండ్రి అంటుండేవాడు. తండ్రి పోయి ఏళ్ళు గడిచినా, తనకు అరవై దాటినా నాగప్ప ఆ మాట తప్పలేదు. స్నానం, నొసట విభూతి, అడ్డపోగు విసరే నాడెను కళ్ళకద్దుకొని ఒక నమస్కారం. ఆ పిమ్మటనే గుంటమగ్గంలోకి కాళ్ళు దింపేవాడు. నిలువుగా సాగిన పడుగు దారాలు తల్లి వంటివనీ, వాటి నడుమ అడ్డంగా పరుగులెత్తే పేక బిడ్డ వంటిదనీ అతని నమ్మకం. తల్లి ఒడిలో బిడ్డ వంకరగా పడుకొంటే సరిదిద్దవలసినవాడు నేతగాడు. తప్పు పోగు ఒక్కటైనా గుడ్డలో నిలిచిపోతే అది నేసినవాని వంశానికే మచ్చ. ఈ నియమమే అతనికి కీర్తి తెచ్చింది. ఒకనాడు ఈ నియమమే అతణ్ణి బోనులో నిలబెట్టింది. ఆ కథ వినదగినది.

ఆలంపురంలో జోగులాంబను సేవించుకొన్న యాత్రికులు తిరుగుదారిలో గద్వాల చీరె నేత చూడగోరుతారు. అది గమనించి నాగప్ప కోడలు పద్మజ వీధి వైపు గదిలోని మగ్గాన్ని వచ్చేపోయేవారి కోసమే విడిచిపెట్టించింది. లోపలి మగ్గాలు అమ్మకానికి, వీధి మగ్గం చూపుకు. దానికి చూపుమగ్గమని పేరు పడింది. యాత్రికులు వస్తారు. నూలు ఒడలికి పట్టు అంచును కలిపే కుట్టు ఎట్లా పడుతుందో నాగప్ప నాలుగు పోగులు నేసి చూపుతాడు. ముచ్చటపడినవారికి నాడె అందిస్తాడు. వారు ఒక పోగు విసరి, ఫొటో దిగి, మురిసిపోయి వెళతారు. బస్సెక్కి ఫోనులో నక్షత్రాలు పెడతారు.

నక్షత్రాల సంగతి మొదట విన్నప్పుడు నాగప్ప, "ఐదు నక్షత్రాలంటే ఏ ఐదు బిడ్డా? అశ్విని, భరణి, కృత్తిక... గట్లనా?" అని నిజంగానే అడిగాడు.

పద్మజ కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వింది. "గవి కావు మామా. నచ్చితే ఐదు, నచ్చకుంటే ఒకటి. కింద వాళ్ళ మాట గూడ రాస్తరు."

నాటినుండి మధ్యాహ్న భోజనమైన తరువాత అది వారికొక పురాణకాలక్షేపం. కోడలు చదివేది, మామ ఊకొట్టేవాడు. ప్రతి మాటకూ పద్మజ 'ధన్యవాదాలు, మళ్ళీ రండి' అని ఒకే జవాబు పెట్టేది.

శ్రావణమాసం వెళ్ళిపోతుండగా ఒకనాడు ఆమె గొంతు నడుమనే ఆగింది.

"ఏంది బిడ్డా, ఊకున్నవు?"

"ఒకటే నక్షత్రం పెట్టిండు మామా ఎవలో. స్టీఫెన్ అట." ఆమె మెల్లగా చదివింది. "'ఉగాది ముందల పోయినప్పుడు నేత చూపిన్రు. ఇప్పుడు పోతే గూడ చూపిన్రు. చూపింది నేత కాదు.' గంతే."

నాగప్ప ఆ మాటను మళ్ళీ చదివించుకొన్నాడు. తిట్టు అయితే ఒక దండం పెట్టి మరచిపోయేవాడు. ఇది తిట్టు కాదు. పొడుపుకథ వలె ఉంది. చూపింది నేత కాకపోతే మరేమిటి? పట్టులో కల్తీ ఉన్నదంటాడా? లేదు. మరమగ్గం గుడ్డ అంటాడా? కళ్ళెదుట కాళ్ళాడించి నేసినదే. ఆ సాయంత్రం నాడె విసరుతూ కూడ అతడు పెదవులలో ఆ వాక్యాన్నే తిప్పుకొంటున్నాడు.

మరునాడు యాత్రల బస్సు నడిపించే రాకేష్ ఫోను చేశాడు. "అక్కా, ఆ ఒక్క మాట జర తీయించు. బస్సెక్కంగనే జనం గదే చదువుతున్నరు. గిట్లనే ఉంటే దసరా నుంచి మీ ఇల్లు వదిలి సీదా పొమ్మంటున్నడు మా ఓనరు."

"రాసినాయన ఎవరో తెల్వదు, ఎట్ల తీయించాలె?"

"పరేషాన్ గాకు. మా దోస్తులందరితోని ఐదైదు పెట్టిపిస్త. ఒకటి ఏడనో కిందికి పడిపోతది."

పద్మజ మామ వైపు చూసింది. నాగప్ప తల అడ్డంగా ఊపాడు. "గంజి పెడితే చినుగు మూసుకపోతదా? వద్దని చెప్పు."

బస్సు రాకపోతే చూపుమగ్గం మూలపడుతుందని అతనికి తెలియక కాదు. కాని గద్వాల నేతవారికి ఒక ఆచారం ఉంది. చీరె బాగులేదని ఎవరైనా తెచ్చి పడవేస్తే నేతగాడు బదులు చెప్పడు. పగటి వెలుతురులోకి నడిచి, చీరె ఒక కొస తప్పుపట్టినవారి చేతికే ఇచ్చి, రెండవ కొస తాను పట్టుకొని, ఇద్దరూ కలిసి వేళ్ళతో తడుముతూ దగ్గరికి వస్తారు. తప్పు ఎక్కడుంటే అక్కడ ఇద్దరి వేళ్ళూ కలుస్తాయి. లేకుంటే చీరె మడత పడుతుంది. అంతవరకు మాట్లాడడం మర్యాద కాదు. ఈ మాటకు ఒక కొస తన చేతిలో ఉన్నది. రెండవ కొస పట్టుకొన్న మనిషి ఎక్కడ?

"ఆయన ఇంకేమన్న రాసిండేమో చూడు బిడ్డా."

పద్మజ వెదికింది. ఆ స్టీఫెన్ రాసినవి చాలానే ఉన్నాయి. ఖిల్లా ఘణపూర్ కొండకోటకు నాలుగు నక్షత్రాలు: 'ఎక్కేటప్పుడు నీళ్ళు పట్టుకపోర్రి. పైన గాలి మంచిగుంటది.' ఒక దవాఖానకు రెండు: 'డాక్టరమ్మ మంచిది. కూసునేటందుకు నీడ లేదు.' ఒక చాయ్ హోటలుకు ఐదు: 'ఏం రాయాలె, పోయి తాగుర్రి.' చివర ఖిల్లా ఘణపూర్‌లోనే ఒక మోటారు వైండింగ్ దుకాణానికి మూడు: 'ఇది నా దుకాణమే. పని గట్టిగుంటది. ఆలస్యమైతది.'

నాగప్ప పకపక నవ్వాడు. "సొంత దుకాణానికే మూడిచ్చిండా! ఇసొంటోడు ఉత్తగ అనడు బిడ్డా. పోదాం పా."

పాలను నీటిని వేరుచేసే పక్షిని గురించి పెద్దలు చెప్పగా విన్నాడే కాని అట్టి మనిషిని అతడు చూసి ఎరుగడు. భయం కంటె కుతూహలమే అతణ్ణి బస్సెక్కించింది. కృష్ణ దాటి, వనపర్తిలో దిగి, షేరాటోలో ఇరుక్కొని మామాకోడళ్ళు ఖిల్లా ఘణపూర్ చేరేసరికి ఎండ తీవ్రమైంది. కొండకోట కనబడే బజారులోనే ఆ దుకాణం. నలభైయేళ్ళ మనిషి ఒకడు నేలమీద కూర్చొని, మాడిపోయిన బోరుమోటారు పొట్టలో కొత్త రాగితీగ చుట్టుతున్నాడు. తీగ మీద తీగ పడకుండా అతడు వరుస పేర్చడం నాగప్ప కాసేపు ఊరకే నిలబడి చూశాడు.

"ఏం మోటరు పెద్దయ్యా?" అన్నాడు స్టీఫెన్ తలెత్తకుండానే.

"మోటరు గాదు నాయనా. మగ్గం. గద్వాల నుంచి వచ్చినం. నువ్వు రాసినవు గద, చూపింది నేత కాదని. గదేందో చూపిస్తవేమోనని."

స్టీఫెన్ చేతిలో తీగ సడలింది. "లడాయికి వచ్చిన్రా?"

"లడాయికైతే కోడల్ని తెస్తనా? కొడుకును తెస్తుంటి."

అతడు నవ్వి, చేతులు తుడుచుకొని, స్టూలు జరిపాడు. ఫోను తీసి రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టాడు. మొదటిది ఉగాది ముందరిది. ధరూర్‌లోని అక్క ఇంటికి పోతూ తల్లితో గద్వాలలో ఆగిన నాటిది. చూపుమగ్గం ముందు ముసలామె నాడె పట్టుకొని సిగ్గుపడుతోంది. రెండవది మొన్న శ్రావణంలోనిది. స్టీఫెన్ బొటనవేలితో పట్టుఅంచును పెద్దది చేశాడు. అంచులో ఒక హంస. తోక వచ్చింది, ఒడలు వచ్చింది, మెడ వచ్చింది. ముక్కు లేదు. రెండవ ఫొటోలోనూ అదే హంస, అదే మెడ. ముక్కు లేదు.

"ఎండకాలం పోయింది, వానలు వచ్చినయి. నీ హంసకు ముక్కు రాలే పెద్దయ్యా. గది నేతనా, నాటకమా?"

నాగప్ప తన వేలు కూడ ఆ మెడ దగ్గర పెట్టాడు. చీరె రెండు కొసల నుండి వచ్చిన వేళ్ళు తప్పు దగ్గర కలిసిన క్షణమది. తెలియని సంగతి కాదు, తెలిసీ చూడని సంగతి. యాత్రికులు విసరిన పోగు వదులుగా పడేది, ఉంగరాలు తిరిగేది. తప్పు పోగు గుడ్డలో నిలువరాదు కనుక ప్రతి సాయంత్రం అతడు దాన్ని విప్పేవాడు. లోపలి పోగు తీయాలంటే దాని మీద నేసిన మంచి పోగులన్నీ ముందు తీయవలె. అట్లా తెల్లవారి నేసిందంతా పొద్దుగూకే వేళకు ఊడిపోయేది. మరునాడు హంస మళ్ళీ మెడ దగ్గరే నిలబడేది. వచ్చినవారు మారుతుండేవారు గాని గుడ్డ మారలేదు. పడుగుకు రాపిడి నూగు లేచిందని అనుకొన్నాడే కాని ఎందుకు లేచిందని అడుగలేదు.

పద్మజ ఫోను మీదికి తల వంచుకొన్నది. ఆమెకూ తెలుసు. మామ నియమం గనుక మాట్లాడలేదు.

దుకాణం వెనుకనే ఇల్లు. మాటలు విని స్టీఫెన్ తల్లి ఎంకమ్మ కర్ర ఊతగా వచ్చింది. నాగప్పను గుర్తుపట్టింది. "నువ్వే గద అయ్యా, నాకు నాడె ఇచ్చింది. వీడేదో ముక్కంటడు, చెవంటడు. నాకు గది కాదు. నా పోగు ఏడుంది?"

"ఏ పోగమ్మా?"

"నేనేసిన పోగు. శెనక్కాయ పీకే కాడ అందరికీ చెప్పుకొంటి. గద్వాల చీరెల నా చెయ్యి గూడ ఉందే, ఏ మహరాజు బిడ్డ కట్టుకుంటదో, ఏ పెండ్లికి కట్టుకుంటదో అని. ఐదు నెలలు గదే యోచన నాకు. మళ్ళ చూద్దామని వస్తే కండ్లకు కానరాలే. మీ కోడల్ని అడిగిన. ఏమనకుండ ఛాయ్ ఇచ్చింది."

అబద్ధం తేలికగానే దొరికేది. నేసిన గుడ్డ చుట్టలోపలికి పోయిందంటే సరిపోయేది. నాగప్ప నాలుక కదిలింది కాని అబద్ధం కదలలేదు. "తీసేసినమ్మా."

ఎంకమ్మ అతని ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఎన్నో ఏళ్ళుగా ఎన్నో గడపల దగ్గర నిలబడిన మనిషికి ఉండే నిదానం ఉంది. "మేం ముట్టిన పోగని తీసిన్రా?"

కోడలి వైపు చూడలేదు, స్టీఫెన్ వైపు చూడలేదు నాగప్ప. నమ్మమని అడిగే హక్కు తనకు లేదని అతనికి తెలుసు. ఆమె ప్రశ్న వెనుక తాను నేయని గుడ్డ చాలా ఉంది.

"అక్కా, అందరివీ తీసిన. హైదరాబాదు దొరసానులవి తీసిన, అయ్యగార్లవి తీసిన. నా మనుమరాలు సాయిశ్రీ పుట్టినరోజుకు ఒక పోగు ఏసింది. గది గూడ తీసిన. తెల్లారి చూసుకొని ఏడ్చింది."

ఎంకమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "మనుమరాలిది గూడనా? ఏం మనిషివయ్యా నువ్వు! పిల్ల చేసిన వంకర రొట్టె ఎవలన్న పారేస్తరా?"

ఆ మాట నాగప్ప గుండెలో నేరుగా దిగింది. పోగు వంకర పోరాదని అతడు ఇన్నాళ్ళు గుడ్డకు కాపలా కాశాడు. ఆ పోగు విసరిన చేతి ఆశ ఏమైపోతుందో ఒక్కనాడూ తలచుకోలేదు. దోషం లేని వస్త్రం దేవతకు తగును, నిజమే. నేయబడని వస్త్రం ఎవరికి తగును?

"వచ్చే బేస్తారం నాడు గద్వాలకు రా అక్కా. మళ్ళ ఏద్దువు."

"మళ్ళ తీసేటందుకా?"

"తీయ."

తిరుగు బస్సులో పద్మజ ఫోను పట్టుకొని అడిగింది. "ఏం రాయాలె మామా జవాబు? ధన్యవాదాలనా?"

నాగప్ప కిటికీ బయట సాగిపోయే పత్తిచేల వైపు చూస్తూ చెప్పాడు, ఆమె అట్లాగే రాసింది: 'మీరు రాసింది నిజం. వచ్చినవాళ్ళు ఏసిన పోగులు మేమే విప్పినం. అందుకే హంసకు ముక్కు రాలేదు. ఇగ విప్పం. వచ్చి చూడుర్రి.'

"అందరు చదువుతరు మామా. ఉన్న బస్సు గూడ పోతదేమో."

"పోతే పోతది బిడ్డా. చదవనీ."

ఆ గురువారం నాడు తల్లీకొడుకులు వచ్చారు. ఎంకమ్మ కర్ర గోడకు ఆనించి, చేతులు కడుక్కొని, గుంట అంచున కూర్చొన్నది. నాడె విసరింది. అది సగం దారిలో ఆగి, నాగప్ప కొనవేలితో నెట్టగా అవతలికి చేరింది. పేక వదులుగా పడి, అంచు దగ్గర చిన్న ఉంగరం తిరిగింది. అలవాటు చొప్పున నాగప్ప వేలు ఆ ఉంగరం మీదికి పోయింది. అక్కడే ఆగింది. సాయిశ్రీ తాత భుజం మీదుగా తొంగిచూస్తోంది. అతడు వేలు తీసి, కాలికర్ర తొక్కి, అచ్చుపలకతో ఒక్క దెబ్బ వేసి, పట్టునాడె తిప్పి కుట్టు వేశాడు. వంకర పోగు వంకరగానే గుడ్డలో బిగుసుకొన్నది. ఆ పైన మనుమరాలికి ఒకటి ఇచ్చాడు. ఆ పైన ఆగకుండా నేశాడు. కొంతసేపటికి పట్టుఅంచులో బంగారు చుక్క ఒకటి పొడిచి, సాగి, కొన తేలింది.

"వచ్చిందయ్యో ముక్కు!" అన్నది ఎంకమ్మ. "ఇగ గింజలు తింటది. ఇన్నాళ్ళు ఉపాసమే ఉండె పాపం." తరువాత గుడ్డ నిమురుతూ మెల్లగా అడిగింది. "ఎవలు కట్టుకుంటరో గద?"

"నాకూ తెల్వదక్కా."

స్టీఫెన్ అరుగు మీద కూర్చొని ఫోనులో నక్షత్రాలు మార్చి, కింద తల్లి పోగు సంగతి కూడ రాశాడు. పద్మజ ఆశగా తన ఫోను తెరచి చూసింది. ముఖం వాడింది. "మూడేనా అన్నా?"

"నా దుకాణానికీ మూడే కదమ్మా. చీరె మగ్గం దిగనీ, చూస్త."

దసరా బస్సు ఆగుతుందో లేదోనని పద్మజ వీధిలోకి చూస్తూనే ఉన్నది. ఆగింది. ముందుగా దిగినవాడు రాకేష్. "మీ జవాబు చదివి ఓనరు నెత్తి పట్టుకున్నడు అక్కా. జనమేమో గదే చూడాలంటున్నరు, ఏం చేస్తడు?" వెనుక దిగిన స్త్రీలు లోపలికి వస్తూనే అడిగారు: "ఆ ముసలమ్మ పోగు ఏది?"

అది అప్పటికే నేసిన గుడ్డతో పాటు దోనెకర్ర మీద చుట్టుకొని లోపలికి పోయింది. నాగప్ప వాళ్ళ చేతులను ఆ చుట్ట మీద ఉంచి, "ఈడనే ఉంది, లోపల" అన్నాడు. వారిలో ఒకామె, ఈ చీరె ఎవరు కట్టుకొంటారని అడిగింది.

"తెల్వదు తల్లీ," అన్నాడు నాగప్ప నాడె ఆమె చేతికి అందిస్తూ. "నాకూ చూడాలనే ఉంది."