ఇంగో కాలు కడుక్కోని వస్తా

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. చిన్నప్పుడూ లేదు, ఇది జరిగాక కూడా లేదు. ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ సంగతి విన్నవాళ్ళు చాలామంది "ఇప్పుడైనా నమ్ముతావా" అన్నట్టు నా మొహంలోకి చూస్తారు. నమ్మను. జరిగింది జరిగినట్టు చెబుతాను. తర్వాత మీరు ఏమైనా అనుకోండి, నాకేం బాధ లేదు.

మాది తిరుత్తణి దగ్గర పల్లె. పెళ్ళయినప్పటి నుంచి తిరువళ్ళూరులో ఉంటున్నాను. అంబత్తూరులో ఒక కంపెనీ ఆఫీసులో పని. వారమంతా ఎలక్ట్రిక్ ట్రైనులో నిలబడి వెళ్ళడం, నిలబడి రావడం. పిల్లలు నా మొహం సరిగ్గా చూసేది పొద్దున తల దువ్వేటప్పుడు, రాత్రి అన్నం పెట్టేటప్పుడు. అందుకే ఆదివారం మాత్రం నాది, పిల్లలది. ఇంకెవరికీ ఇవ్వను.

మా ఆయనకు ఫ్యాక్టరీలో షిఫ్టులు. చాలా ఆదివారాలు డ్యూటీలోనే పోతాయి. ఆయన లేరని మేం ఆగం. ఒక డబ్బాలో చింతపండన్నం, ఒక డబ్బాలో పెరుగన్నం, పాత దుప్పటి, పిల్లలకు మారు బట్టలు సంచిలో వేసుకుని బస్సెక్కేస్తాం. ఒక వారం పూండి డ్యాము, ఒక వారం తిరుత్తణి కొండ, ఎండ కాస్త తగ్గితే తామరైపాక్కం ఆనకట్ట. ఆడమనిషి ఒక్కతే ఇద్దరు పిల్లల్ని వేసుకుని నీళ్ళ దగ్గరికి పోవడమేమిటని చుట్టాలు మూతి తిప్పుకున్నారు. వీళ్ళే ఆడి నెల జాతరకు పెరియపాళయం అమ్మవారి గుడికి చంటిపిల్లల్ని ఎత్తుకుని ఆ తోపులాటలోకి పోతారు. అప్పుడు ఎవరికీ ఏమీ అనిపించదు.

మా అత్త ఎప్పుడూ పోవద్దనలేదు. ఆమెకు ఒకటే పట్టింపు. ఎక్కడికి పోయినా తిరిగి బయల్దేరేటప్పుడు పిల్లల్ని ఒక్కొక్కరినీ పేరు పెట్టి, "రా, ఇంటికి పోదాం" అని పిలవాలి. అలా పిలవకపోతే పిల్లల మనసు ఆడుకున్న చోటే ఉండిపోతుందట. రాత్రిళ్ళు ఉలిక్కిపడి ఏడుస్తారట. మా అమ్మ కూడా ఇలాగే పిలిచేది. ఇందులో నాకు పోయేదేమీ లేదు కాబట్టి నేనూ పిలిచేదాన్ని.

చిక్కంతా మా వాడి పేరుతోనే వచ్చింది. వాడికి మా మామ పేరు పెట్టారు, మునిరత్నం అని. మామ నా పెళ్ళికి చాలా ముందే జబ్బుచేసి పోయారు. నేను ఆయన్ని చూడలేదు, గొంతు వినలేదు. గోడ మీది ఫోటో ఒక్కటే నాకు తెలిసిన మామ. మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు, మామ పేరు నోటితో పలకరు. అందుకని పెద్దాయన పేరు పెట్టుకున్న పిల్లాణ్ణి ఇంట్లో వేరే ఏదో అని పిలుస్తారు. మా వాడు అందరికీ అబ్బోడు. ఆధార్ కార్డులోనూ బడిలోనూ మాత్రమే మునిరత్నం.

వాడు రెండో తరగతికి వచ్చిన కొత్తలో టీచరు నన్ను పిలిపించింది. హాజరు పిలిస్తే పలకడట. పక్కవాడు మోచేత్తో పొడిస్తే అప్పుడు లేచి నిలబడతాడట. ఒకసారి చెవుల డాక్టరుకు చూపించమని మెల్లగా చెప్పింది. నాకు తల కొట్టేసినట్టయింది. వాడి చెవులకేం రోగం? వంటింట్లో బిస్కెట్ పొట్లం విప్పితే వీధిలోంచి పరిగెత్తుకొస్తాడు. ఆ పేరు తనదని వాడికి అలవాటు కాలేదు, అంతే. మా మర్యాదల పుణ్యమా అని ఒక పిల్లాడు తన పేరుకే కొత్తవాడయ్యాడు.

ఆ రోజు నుంచి వాణ్ణి పేరు పెట్టే పిలుస్తానని ఇంట్లో చెప్పేశాను. అత్త మొహం ముడుచుకుంది. ఇంట్లో నా ఇష్టమంది. కానీ తామరైపాక్కం ఏటి దగ్గర మాత్రం ఆ పేరు ఎత్తొద్దంది. మామ సేద్యం చేసిన చేను ఆ ఏటి పక్కనే ఉండేది. తర్వాత అమ్మేశారు.

"ఆడ ఆ పేరు పిలిస్తే ఎవురు పలుకుతారో యేమో మ్మా," అంది.

ఆ మాట వినకపోయి ఉంటే ఏమో గానీ, విన్నాక నాకు మొండితనం వచ్చింది. చనిపోయిన మనిషికి భయపడి బతికున్న పిల్లాడి పేరు దాచిపెడతామా?

ఆ ఆదివారం తామరైపాక్కమే పోయాం. వానలు పడి కొన్నాళ్ళయింది. ఆనకట్ట మీదుగా నీళ్ళు పలచగా జారుతున్నాయి. ఆదివారం కాబట్టి నాలుగైదు కుటుంబాలు ఉన్నాయి. గట్టు మీద ఒకామె బజ్జీలు వేస్తోంది. పిల్లలు ఇసుకలో ఆడి, పాదాలు మునిగే నీళ్ళలో ఆడి, బజ్జీలు తిని మళ్ళీ ఆడారు. సాయంత్రమైంది గానీ వెలుతురు బాగా ఉంది. ఇద్దరికీ బట్టలు మార్చి చెప్పులు తొడిగాను. చిన్నది దివ్య నా చంకలో ఉంది. వాడు నా చెయ్యి పట్టుకుని ఉన్నాడు. ఇది గుర్తుపెట్టుకోండి, వాడు నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు.

ఏటి వైపు తిరిగి ముందు దివ్యను పిలిచాను. తర్వాత గొంతెత్తి, కావాలనే గట్టిగా, "మునిరత్నం, రా, ఇంటికి పోదాం" అన్నాను.

కింద జమ్ము మొలిచిన వైపు నుంచి జవాబు వచ్చింది.

"నువ్వు పోతా ఉండు. ఒక కాలు కడిగినా, ఇంగో కాలు కడుక్కోని వస్తా."

మగ గొంతు. వయసైన గొంతు. తీరిగ్గా, కొంచెం ఆటపట్టిస్తున్నట్టు ఉంది. చుట్టూ అందరూ అరవంలో మాట్లాడుకుంటున్నారు, అందుకే ఆ తెలుగు మాట స్పష్టంగా వినిపించింది. ఎవరమ్మా అది అని మా వాడు అడిగాడు. అంటే వాడికీ వినపడింది.

మునిరత్నం అనే పేరు మా ప్రాంతంలో కొత్తది కాదు. ఇంకో మునిరత్నం ఎవరో ఉండి ఉంటాడని అనుకున్నాను. పిల్లల్ని బజ్జీలామె పక్కన కూర్చోబెట్టి కిందికి దిగి చూశాను. ఆ జమ్ము నా మోకాలి ఎత్తు కూడా లేదు, మనిషి దాక్కునేంత చోటు కాదు. ఎవరూ లేరు. తడి ఇసుకలో మా పిల్లల అడుగులు తప్ప నాకు వేరే అడుగులు కనపడలేదు. కనపడలేదు అంటున్నాను, లేవు అనడం లేదు. పైకొచ్చి బజ్జీలామెను అడిగితే ఇటు ఎవరూ దిగలేదంది. అవతలి గట్టున కాలేజీ పిల్లలు ఉన్నారు గానీ ఆ గొంతు ఆ వయసుది కాదు.

బస్సులో వచ్చేశాం. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, చెబితే ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఎవరో పోకిరీ వెక్కిరించాడని పిల్లాడికి సర్దిచెప్పాను. చిన్నదానికి ఏమీ చెప్పలేదు, నాలుగేళ్ళ పిల్లకు ఏం అర్థమవుతుందిలే అనుకున్నాను.

ఆ పూటే అత్త అన్నానికి పిలిచింది. దివ్య స్నానాల గదిలో కొళాయి కింద నీళ్ళతో ఆడుతోంది. అక్కడి నుంచే అదే సాగదీతతో, "ఒక కాలు కడిగినా, ఇంగో కాలు కడుక్కోని వస్తా" అంది.

అత్త చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఎవరు నేర్పించారని అడిగింది. నేను దాచలేకపోయాను.

ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. గరిటె పక్కన పెట్టి చెప్పింది. పొద్దుపోయాక ఆమె చేని గట్టు మీద నిలబడి, "ఏమయ్యో, అన్నం చల్లారిపోతా ఉంది" అని కేకేసేదట. పేరు పెట్టి పిలవకూడదు కదా. ఆయన కాలవలోంచి రోజూ ఇదే మాట అనేవారట, ఆమెను ఉడికించడానికి. ఒక కాలు కడిగాడట, ఇంకో కాలు ఉందట. అది మొగుడూ పెళ్ళాల మధ్య మాట. కొడుకు అప్పుడు తిరుత్తణిలో హాస్టల్లో చదువుకుంటున్నాడు. తర్వాత నేను మా ఆయన్ని గుచ్చి గుచ్చి అడిగాను. ఆ మాట తను ఎప్పుడూ వినలేదన్నాడు.

ఇక ఇల్లు ఇల్లులా లేదు. గుమ్మిడిపూండి నుంచి మా వదిన దిగింది. మా ఆయన అక్క. తీర్పులన్నీ ఆమె దగ్గర సిద్ధంగా ఉన్నాయి. పిల్లలతో తిరుగుళ్ళు ఆపేయాలి. అబ్బోణ్ణి పెరియపాళయం తీసుకుపోయి ఒంటికి వేపాకులు కట్టి ప్రదక్షిణం చేయించాలి. బడిలో పేరు మార్పించాలి. మా ఆయన కొన్నాళ్ళు ఆపుదాంలే అని నసిగాడు.

నేను ఒప్పుకోలేదు. వాడు ఆ వారమే బడిలో మొదటిసారి పేరుకు లేచి పలికాడు. టీచరు ఫోన్ చేసి మరీ చెప్పింది. ఇప్పుడు మళ్ళీ పేరు మార్చి వాణ్ణి మొదటికి తెస్తామా? వదినతో ఒకటే అన్నాను. పలికింది మామే అయితే ఆయన వాడికి సొంత తాత, భయం దేనికి? మామ కాకపోతే ఎవరో దారిన పోయేవాడు, అప్పుడూ భయం లేదు. ఎలా చూసినా ఆదివారం ఆదివారమే. వదిన భోజనం చెయ్యకుండానే వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం నేను డబ్బాలు సర్దుతుంటే అత్త ఉతికిన చీర కట్టుకుని బయటికొచ్చి, తనూ వస్తానంది. నాకు కాపలా కాయడానికే వస్తోందనుకున్నాను. వస్తే రానీ అనుకున్నాను.

ఆనకట్ట దగ్గర ఆమె దుప్పటి మీద కూర్చుని జమ్ము వైపే చూసింది. ఒక్క ముద్ద తినలేదు. బయల్దేరే వేళ నేను పిలవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్వొద్దు. నేను పిలుస్తా. అన్నేండ్లు కాపరం చేసినా మ్మా, ఒక్కనాడు పేరు పెట్టి పిలిచింది లేదు. నువ్వు ఒక్కతూరి పిలిస్తే పలికినాడే."

ఆ గొంతులో భయం లేదు. కోపం ఉంది. వారం రోజులుగా ఆమె అన్నం సహించక తిరుగుతుంటే మనవడి కోసం బెంగనుకున్నాను. ఆమె బాధ వేరే అని అప్పుడు తెలిసింది.

లేచి నిలబడి కొంగు సర్దుకుంది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. రెండోసారికి వచ్చింది. "మునిరత్నం." కొత్తగా మాటలొస్తున్న పిల్ల అన్నట్టు అంది. తర్వాత గొంతెత్తి, "మునిరత్నం, రా. ఇంటికి పోదాం" అని ఏరంతా వినపడేట్టు పిలిచింది.

ఏమీ లేదు. నీళ్ళు జారుతున్న చప్పుడు ఒక్కటే. నేనూ చెవులు రిక్కించాను, అబద్ధం ఎందుకు. ఏదో ఒకటి వినపడితే బాగుండునని కూడా అనుకున్నాను, ఆమె కోసం.

అప్పుడు వెనక నుంచి, "వస్తా ఉండా అవ్వా" అని మా వాడు పరిగెత్తుకొచ్చాడు. దూరంగా ఇసుకలో గుంత తవ్వుకుంటున్నవాడు చేతులు దులుపుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"నిన్ను గాదురా," అంది అత్త.

వాడికి అర్థం కాలేదు. "నా పేరే కదా పిలిచినావు?"

అత్త వాణ్ణి దగ్గరికి లాక్కుంది. కొంగుతో వాడి చెంప మీది ఇసుక తుడిచింది.

"ఔ సామీ. నిన్నే."

బస్సులో వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని కిటికీలోంచి చూస్తూ, "నేను పిలిస్తే పలకలే చూడు," అంది. అన్నానికి రాని మనిషి మీద ఫిర్యాదు చెప్పుకున్నట్టుంది ఆ మాట. అప్పుడు మాత్రం ఏడ్చింది.

ఆ గొంతు ఎవరిదో నాకు ఈ రోజుకీ తెలియదు. మా ఆయన ఎప్పుడో నిద్రలో ఆ మాట అంటే విన్నానేమో అని కూడా ఆలోచించాను. మరి పిల్లలకెలా వినపడింది? ఇంకో మునిరత్నం అయితే అదే మాట ఎందుకంటాడు? ఏ లెక్కా కుదరలేదు. లెక్క కుదరలేదు కదా అని దెయ్యాన్ని నమ్మాలని ఎక్కడా లేదు.

మేం ఇప్పటికీ పోతున్నాం. వదిన ఇంకా మాట్లాడటం లేదు, ఆమె ఇష్టం. అత్త మనవణ్ణి పేరు పెట్టే పిలుస్తుంది, వీధి చివరిదాకా వినపడుతుంది. నేను కూడా ప్రతి చోటా పిలుస్తాను. కొండ దగ్గరా, పూండిలోనూ, ఆ ఏటి దగ్గరా.

ఒక్కటే మారింది. పిలిచాక వెంటనే కదలను. ఒక మనిషి కాలు కడుక్కునేంత సేపు ఆగి, అప్పుడు బయల్దేరతాను. దాన్ని నమ్మకం అనకండి, ఒప్పుకోను. ఇంటి మనిషి వస్తానంటే ఆగాలి కదా.