కాకిని తోలింది నేనే

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. యాభై ఏళ్లకు పైగా దీన్ని మోస్తున్నాను. తెలిసినవాళ్ల దగ్గర నోటిదాకా వచ్చి ఆగిపోయేది. జాలిపడమని చెప్పడం లేదు. పడొద్దు కూడా.

మా అన్న బాంబర్ విమానంలో నావిగేటర్. పైలట్‌కు దారి చెప్పే పని. బంగ్లాదేశ్ యుద్ధంలో బాంబులు వేసి తిరిగి వస్తుంటే, పొగమంచులో రన్‌వే అందక, విమానం పొలాల్లో కూలిపోయింది. వర్ధన్నపేట దగ్గరి మా ఊరికి మేకులు కొట్టిన పెట్టె వచ్చింది. తెరవొద్దన్నారు. అన్న ముఖం మేమెవరమూ చూడలేదు.

ఆఖరిసారి సెలవు మీద వచ్చి వెళ్తున్నప్పుడు, కాజీపేట స్టేషన్లో అన్న నా భుజం మీద చేయి వేశాడు.

“తమ్మీ, జర ఇను. నాకేమన్న అయితే మీ వదినె చదువు ఆగొద్దు. అమ్మ పని ఆమె మీద ఎయ్యకు. నువ్వు చూస్కో.”

“అట్ల మాట్లాడకు అన్నా. నేను లేనా?”

“మాటియ్యి.”

“ఇస్తాన.”

రైలు కదలకముందే ఇచ్చాను.

అప్పటికే అమ్మకు పక్షవాతం. ఎత్తడం, కడగడం, పక్క మార్చడం అన్నీ వదినే చేసేది. ఆమెకు హనుమకొండలో టీచర్ ట్రైనింగ్ సీటు వచ్చి ఉంది. అన్న పోయాక కూతురిని తీసుకుపోవడానికి వదిన వాళ్ల నాన్న వచ్చి మా ఇంట్లో కూర్చున్నాడు. ఆమె పోతే అమ్మ పక్క మార్చేది ఎవరు? నేను. నా ఏడుపంతా దాని గురించే. అన్న కోసం ఏడుస్తున్నానని అందరూ అనుకున్నారు.

మా వైపు, పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడతారు. పిట్టకు పెట్టడం అంటాం. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే విస్తరి దగ్గరికి వచ్చి, పోయినవాళ్లకు మాట ఇస్తారు. ఏ మాటకు కాకి వాలితే అదే వాళ్ల కోరిక. ముఖమైనా చూడని మాకు ఆ రోజు కాకి ఒక్కటే దిక్కు.

మా చెలకలో, మెట్టపొలం గట్టు పక్కన, మాంసం, జొన్నరొట్టె, అన్న తాగే సిగరెట్ పెట్టాం. అందరూ గట్టు అవతలికి పోయారు. కుక్కలు రాకుండా చూడమని నన్ను ఇవతల, వాళ్లకు కనబడని తుప్ప చాటున ఉంచారు. నా చేతిలో కట్టె ఉంది.

ముందు వదిన వచ్చింది. “నువ్వన్నట్టే చదువుకుంట,” అని దండం పెట్టి, గట్టు దాటి వెళ్లిపోయింది.

కాకి వచ్చింది. అవును, వెంటనే వచ్చింది. గట్టు మీద వాలి, మెడ వంచి చూసి, విస్తరి వైపు గెంతింది. నేను కట్టె ఎత్తాను. కొట్టలేదు, అరవలేదు. కొంచెం ఎత్తానంతే. అది ఎగిరిపోయింది.

ముందే అనుకుని చేశానా? చేయి దానంతట అదే లేచిందని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. ఉత్త అబద్ధం. పెదనాన్న వచ్చి ఊళ్లో అన్న జ్ఞాపకంగా రాయి పాతిస్తానన్నాడు. కాకి దిగింది, మళ్లీ ఎత్తాను. మేనత్త వచ్చి పోయింది. మళ్లీ ఎత్తాను. అన్నిసార్లు ఎత్తిన చేయికి ఏం చేస్తున్నదో తెలియదా?

ఎండ ముదిరింది. అవతల గుసగుసలు మొదలయ్యాయి. చివరికి మళ్లీ వదిననే పంపారు.

“ఎటూ పోను. అత్తను ఇడిసిపెట్టను. నువ్వు ఫికర్ చెయ్యకు,” అంది.

నేను కట్టె కింద పెట్టాను.

కాకి మాంసం ముక్క కరుచుకుని పోయింది. గట్టు అవతల అందరూ గొల్లుమన్నారు. ఆ సాయంత్రం వాళ్ల నాన్న ఒక్కడే బస్సెక్కాడు.

అమ్మ ఇంకా చాలా ఏళ్లు బతికింది. అంతా వదినే చేసింది. తర్వాత నా పిల్లలను పెంచింది. ఇప్పుడు హనుమకొండ సుబేదారిలో మా ఇంట్లోనే ఉంటుంది. ఆమెతో చాకిరీ చేయించుకున్న పాపం ఒకటైతే, అంతకన్నా పెద్దది ఇంకొకటుంది. ఒకసారి అన్న ఫోటో తుడుస్తూ అంది: “మీ అన్నది బతికున్నప్పుడు ఒక మాట, పోయినంక ఇంకో మాట. నేను చదువుడు ఆయనకు ఇష్టమే లేకుండె.” నవ్వుతూనే అంది. అప్పుడు నేను ఒక్క మాట చెప్పి ఉంటే అన్న ఆమెకు తిరిగి దొరికేవాడు. అవునన్నట్టు తల ఊపాను.

మొన్న అన్న సంవత్సరీకం నాడు మోకాళ్ల నొప్పులతో ఆమె మిద్దె ఎక్కలేకపోయింది. విస్తరి నేనే తీసుకెళ్లి పెట్టాను. ఉత్త చేతులతో పక్కకు జరిగానో లేదో, కాకి వచ్చి వాలింది. ఆనాడూ ఇంతే తొందరగా వచ్చింది.

“వచ్చిందా పిట్ట?” వదిన కింది నుంచి అడిగింది.

“వచ్చింది వదినె.”

దిగివెళ్లి మిగతాది చెప్పాలి. మెట్ల మీద అదే అనుకున్నాను. చెప్పలేదు. మీకు చెప్పాను. కాకిని తోలింది నేనే. రాశాక గుండె కాస్త తేలికపడింది, దాచను. పక్క గదిలో వదిన మాత్రం ఇంకా అన్న మీద అలిగే ఉంది.