అరవై ఆరు డిగ్రీలు

మందు వాసన వస్తేనే ముక్కు మూసుకునే మనిషిని నేను. అలాంటిది ఇంగ్లండ్‌లోని స్టీవెనేజ్‌లో, 2013 అక్టోబరులో ఒక శనివారం పొద్దున, నైట్ డ్యూటీ దిగి, యూనిఫాం కూడా మార్చుకోకుండా పక్కింటి అంకుల్‌తో బీరు కాయడానికి బయల్దేరాను. మా ఆయన గుమ్మంలోనే అడ్డం తగిలాడు.

"ఆదివారం చర్చికెళ్ళేదానివి, శనివారం సారా కాస్తావా?"

"కాసేది ఆయన. నేను డిగ్రీలు చదువుతానంతే," అని చెప్పి వెళ్ళిపోయాను.

నిజంగా నా పని అంతే. అంకుల్ విమానాల భాగాలు చేసే కంపెనీలో ఇంజనీరుగా రిటైరయ్యారు. ఆంటీ పోయి మూడేళ్ళు. చూపు దాదాపు పోయింది. ఆ సంగతి నాకూ ఆయన్ని చూసే డాక్టరుకీ తప్ప ఎవరికీ తెలియదు. గ్లాస్గోలో ఉండే కూతురు మాత్రం ఏదో అనుమానపడి, అప్పటికే వృద్ధులుండే కేర్ హోం ఒకటి చూసి పెట్టింది. క్రిస్మస్‌కి వస్తాననీ, నాన్న ఒక్కడే నెగ్గుకొస్తున్నాడనిపిస్తే ఇక ఆ మాటే ఎత్తననీ చెప్పిందట. క్రిస్మస్‌కి ఆయన చేతి బీరు తాగడం వాళ్ళింటి ఆనవాయితీ.

"బీరు ఎప్పటిలా కుదిరితే చాలు లవ్, ఇక నన్ను కదిలించదు," అన్నారు అంకుల్.

ఆ "లవ్" అనే పిలుపుకి మొదట్లో ఉలిక్కిపడేదాన్ని. మా గుంటూరు వైపు పెద్దవాళ్ళు "అమ్మాయ్" అన్నట్టేనని తర్వాత తెలిసింది.

ఆయన చేతులకి కళ్ళతో పనిలేదు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ నూకని వేడినీళ్ళలో పోసి, ఉండలు కట్టకుండా తెడ్డుతో కలిపి, గిన్నెకి మూత పెట్టి, చుట్టూ పాత దుప్పటి కప్పారు. గంటసేపు అది అరవై ఆరు డిగ్రీల దగ్గర నిలబడాలి. వేడి తగ్గితే బీరు పలచబడిపోతుంది, ఎక్కితే తీపి మిగిలిపోతుంది. ఉండుండి "ఎంత?" అంటారు. నేను మూత కాస్త జరిపి, థర్మామీటరు చూసి చెబుతాను.

బయట పొగమంచు. కిటికీ అద్దాల మీద ఆవిరి పట్టి పక్కనున్న మా ఇల్లు కూడా కనబడటం లేదు. గిన్నెలోంచి రాగిజావ వాసన, దాని వెనకే కొత్త బెల్లం వాసన. రాత్రంతా వార్డులో తిరిగిన కాళ్ళ బరువు మెల్లగా దిగిపోతోంది. అంకుల్ ఆంటీ గురించి ఏదో చెబుతున్నారు, వాళ్ళిద్దరూ సైకిళ్ళ మీద సముద్రం దాకా వెళ్ళిన రోజు గురించి. ఆ సముద్రం కాసేపటికి బాపట్ల సముద్రం అయింది. తడి ఇసకలో మా అమ్మ ముందు నడుస్తోంది, నేను ఆవిడ అడుగుల్లో అడుగులేస్తున్నాను. ఎవరూ ఎవర్నీ తొందర పెట్టడం లేదు. ఈ దేశం వచ్చాక అంత నిశ్చింతగా నేను ఎక్కడా కూర్చోలేదు.

కళ్ళు తెరిచేసరికి మూత ఓరగా ఉంది, వేడి అరవై రెండుకి దిగింది. అంకుల్ కూడా కుర్చీలో కునుకు తీస్తున్నారు. లేపి అడిగితే సరిపోయేది. కానీ నా చేతికి తెలిసింది ఒక్కటే. ఎసరు తగ్గితే మరిగే నీళ్ళు పోస్తాం, గరిటె పెట్టి కెలకం. కెటిల్ నిండా మరగబెట్టి పోశాను. థర్మామీటరు ముల్లు కదల్లేదు. ఇంకో కెటిల్ పోశాను. అప్పుడు తట్టి, తెడ్డుతో ఒక్కసారి కలిపాను. డెబ్బై మూడు.

తెడ్డు చప్పుడుకి అంకుల్ కదిలారు. "ఎంత, లవ్?"

"అరవై ఆరు," అన్నాను.

ఇన్నేళ్ళ నర్సు ఉద్యోగంలో పేషెంటు చార్టులో ఒక్క దొంగ అంకె వెయ్యలేదు. ఆ పొద్దున, నిద్ర వదలని ఆ నవ్వుమొహం చూసి, నోటికొచ్చినట్టు అబద్ధం ఆడేశాను. సిగ్గుతో తల దించుకున్నాను. ఆయన చూడలేరని తెలిసీ దించుకున్నాను.

క్రిస్మస్ మర్నాడు నన్నూ భోజనానికి పిలిచారు. కూతురు సీసా తెరిచి గ్లాసులో వంచుకుంది. ఒక గుక్క తాగి ఆగిపోయింది.

"తియ్యగా ఉందేంటి నాన్నా? నీ బీరు ఎప్పుడూ ఇలా లేదే."

"వయసు మీద పడింది కదా," అని నవ్వబోయారు అంకుల్. ఆ నవ్వు నిలవలేదు. కూతురు గ్లాసు పక్కన పెట్టేసింది. అది చూసి నేను ఉండబట్టలేకపోయాను.

"ఆయన తప్పేమీ లేదండీ. నేనే వేడి ఎక్కించేశాను. డెబ్బై మూడైతే అరవై ఆరని చెప్పాను."

హమ్మయ్య, చెప్పేశాను అనుకున్నాను. ఆవిడకి కోపం రాలేదు. నన్ను చూసింది, తర్వాత వాళ్ళ నాన్నని చాలాసేపు చూసింది.

"అంటే ఆ అంకె కూడా మీరే చదివి చెప్పాలా?" అంది మెల్లగా.

అంకుల్ నేను కూర్చున్నాననుకున్న వైపు తిరిగి, "పర్లేదు లవ్," అన్నారు. నేను ఆ వైపు లేను.

ఏప్రిల్లో ఆ ఇంటికి తాళం పడింది. నా అబద్ధానికి బీరు పాడైంది, అంతే. ఆయన ఇల్లు పోయింది మాత్రం నేను చెప్పిన నిజానికి.