ఎండ కోసం దరఖాస్తు

ఆక్లాండ్‌లో ఇల్లు కొన్న మొదటి చలికాలం నేనొక చెట్టు మీద పగబట్టాను. పెరట్లో దక్షిణపు కంచె పక్కన ఉండేది. టోటరా అంటారు, ఈ దేశపు చెట్టు, ఏడాదంతా పచ్చగానే ఉంటుంది. మేడంత ఎత్తు. వారమంతా ఉద్యోగాలకి చీకటితో వెళ్ళి చీకటితో వచ్చేవాళ్ళం. శని, ఆదివారాలైనా పెరట్లో కాసేపు ఎండ పడుతుందేమో అని చూస్తే, గడ్డి మీద మంచు తడి మధ్యాహ్నానికి కూడా ఆరేది కాదు. ఆ చెట్టు కాక ఇంకెవరు అడ్డం? చలికాలం సూర్యుడు దక్షిణానికి వాలతాడని మా తెనాలిలో ఎవర్నడిగినా చెబుతారు.

నాదేం గొంతెమ్మ కోరిక కాదు. ఆదివారం తలంటు పోసుకుని, జుట్టు విరబోసుకుని, వీపు ఎండకి పెట్టి ఓ గంట కూర్చోవాలి. తెనాలిలో మా డాబా మీద అమ్మ నా వెనకాల కూర్చుని, చిక్కులు తీస్తూ ఊళ్లో కబుర్లన్నీ చెప్పేది. వీపు చురుక్కుమనేదాకా లేవనిచ్చేది కాదు. ఆ వేడి కోసం మొహం వాచిపోయాను. ఇక్కడ హీటర్ ముందు కూర్చుంటే మొహం కాలేది, వీపు వణికేది.

ప్రతి ఆదివారం అమ్మ ఫోన్లో అదే అడిగేది. తల ఎండలో ఆరబెట్టుకున్నావా, తడిజుట్టు ముడేసుకుంటే జలుబు పడుతుంది అని. ఆఁ, పెరట్లోనే కూర్చున్నానమ్మా అనేదాన్ని. లేదంటే బెంగ పెట్టుకుంటుంది. ఫోన్ కార్డులో నిమిషాలు అయిపోయాక కూర్చుని ఏడ్చేదాన్ని. ఒకరోజు మా ఆయనతో తేల్చి చెప్పేశాను, ఈ ఇంట్లో ఆ చెట్టన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి అని.

ఆయన ముందు నవ్వారు, తర్వాత భయపడ్డారు. కనుక్కుంటే, పెరడు మనదైనా, చెట్టు మనదైనా, అంత ఎత్తు చెట్టు కొట్టాలంటే కౌన్సిల్ వాళ్ళ, అంటే ఇక్కడి మునిసిపాలిటీ వాళ్ళ పర్మిషన్ కావాలట. విని ఒళ్ళు మండింది. సరే, ఫారం తెచ్చారు. కారణం రాసేచోట వేర్లు పునాదిలోకి వస్తున్నాయని రాద్దామన్నారు. అమ్మకి చెప్పే అబద్ధాలు చాలు, ఎండ రావట్లేదని రాయండి అన్నాను. స్థలం పటం గీసి, ఉత్తరం ఎటో బాణం గుర్తు వెయ్యాలి. అది నేనే గీశాను, స్కేలు పెట్టి. ఉత్తర ముఖం ఇల్లని వాస్తు చూసి మరీ కొన్నవాళ్ళం, ఉత్తరం ఎటో మాకు ఒకరు చెప్పాలా!

కొన్ని వారాలకి కౌన్సిల్ నుంచి చెట్లు చూసే ఆయన వచ్చాడు. తెల్లగడ్డం, బురద బూట్లు. చెట్టు చుట్టూ తిరిగి, కాండం కొలిచి, నా పటం తీసి చూశాడు. తర్వాత చెట్టుకి వీపు పెట్టి, మా ఇంటి కప్పుకేసి చూస్తూ నిలబడ్డాడు. ఏం కొర్రీ వేస్తాడో అని నేను వంటింటి మెట్ల మీద నుంచి చూస్తున్నాను.

"భూమధ్యరేఖకి దక్షిణాన ఉన్నాం కదా, ఇక్కడ సూర్యుడు ఉత్తరం వైపు నుంచి వెళ్తాడండీ," అన్నాడు మెల్లగా. "మీ ఎండకి అడ్డం ఈ చెట్టు కాదు. మీ ఇల్లే."

నేను గీసిన బాణం మీదే వేలు పెట్టి చూపించాడు. సిగ్గుతో చచ్చిపోయాను. మా ఆయన నేల చూపులు చూశారు. దరఖాస్తు వెనక్కి తీసుకున్నాం. చెట్టు మీద కోపం పోయింది గానీ, నాకు దిగులు ఇంకా ఎక్కువైంది. అన్నాళ్ళూ తిట్టుకోవడానికి అదన్నా ఉండేది.

ఆ ఆదివారం తలంటు పోసుకుని, వీధి గది కర్టెన్లు తీశాను. దారినపోయేవాళ్ళు చూస్తారని ఇంట్లో దిగినప్పట్నుంచీ మూసే ఉంచాం. బయట కారు పెట్టే సిమెంటు మీద, చెత్తడబ్బాల పక్కన, నిండుగా ఎండ. చలికాలమంతా అక్కడే కాసిందన్నమాట. కుర్చీ వేసుకుని, జుట్టు విరబోసుకుని, వీధికి వీపు పెట్టి కూర్చున్నాను. కుక్కని తిప్పుతున్న ముసలాయనెవరో హలో అని వెళ్ళాడు. కాసేపటికి వీపు చురుక్కుమంది. వెంటనే అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ అప్పుడే తెల్లారుతోంది.

"అమ్మా, ఎండలో కూర్చున్నానే," అన్నాను.

"వారం వారం కూర్చునేదానివేగా," అంది అమ్మ. "ఇవాళ కొత్తేముంది?"

ఏం లేదమ్మా అన్నాను. జుట్టు నిండా చిక్కులు. దువ్వెన చేత్తో పట్టుకుని, కార్డు అయిపోయేదాకా ఊళ్లో కబుర్లు చెప్పమని అడిగాను.